మాణిక్యాంబ గారి తెల్ల అక్షరాలు

నేను ఒక బల్లమీది కంప్యూటర్ని. నాకు తెలివి ఉందని మీవాళ్ళు అనుకుంటారు గానీ, లేదు. చెప్పింది చెయ్యడం, రాసింది దాచడం, ఇంతే నా పని. ఆ మాత్రంతోనే పదకొండేళ్ళు మనుషుల మధ్య నెట్టుకొచ్చాను. తెలివి ఉన్నవాళ్ళు ఏమేం చేస్తారో దగ్గరనుంచి చూశాక, అది లేకపోవడం నాకేమంత లోటుగా అనిపించలేదు.

ఎక్కడ పుట్టావంటే చెప్పలేను. లోపలి బోర్డు ఒక దేశానిది, మెమరీ ఇంకో దేశానిది, ఫ్యాను ఎక్కడిదో దాన్ని అమ్మినవాడికే తెలియదు. అన్నిటినీ విజయవాడలో ఒక మేడమెట్ల కింది గదిలో రేకు డబ్బాలో పెట్టి స్క్రూలు బిగించారు. బిగించినవాడు ఒక స్క్రూ తక్కువ వేశాడు. అందుకే ఫ్యాను తిరిగితే నా కుడిపక్క రేకు ఇప్పటికీ గరగరమంటుంది.

మొదటి రెండేళ్ళు తణుకులో ఒక ఇంటర్నెట్ సెంటర్లో ఉన్నాను. పరీక్షా ఫలితాలు వచ్చే రోజున నా ముందు పదిమంది నిలబడి కళ్ళు మూసుకుని దండాలు పెట్టేవారు. ఆ మార్కులు ఎప్పుడో వేసేశారు, నేను చూపించేవాణ్ణే తప్ప వేసేవాణ్ణి కాదు. ఈ సంగతి తెలిసినవాళ్ళు కూడా దండం మానేవారు కాదు. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, సెంటరు మూతపడింది. నన్ను భీమశంకరం గారు రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చారు.

ఆయన సహకార సంఘంలో గుమాస్తాగా చేసి అప్పుడే రిటైరయ్యారు. ప్రపంచ విషయాలు తెలుసుకోవడానికని అందరికీ చెప్పి నన్ను తెచ్చారు గానీ, నాలో ఆయనకి దొరికిన ప్రపంచం పేకాట ఒక్కటే. నెల తిరక్కుండా కుర్చీ ఆయన భార్య మాణిక్యాంబ గారి కిందికి పోయింది. అప్పటినుంచి ఆయన వంతు భోజనాలయ్యాక ఒక గంట.

మాణిక్యాంబ గారిది సంబంధాలు కుదిర్చే పని. ముప్పై ఏళ్ళ పని. ఊళ్ళో పెళ్ళి కావలసిన పిల్ల ఉందంటే ఆ తల్లిదండ్రులకంటే ముందు ఈవిడకి తెలుస్తుంది. అంతకుముందు నోటు పుస్తకాల్లో రాసుకునేవారు. యాభై రెండో ఏట పట్టుబట్టి ఆరువారాల కోర్సు చదివి, వివరాలన్నీ గడులు గడులుగా నాలోకి ఎక్కించారు. పేరు, ఊరు, నక్షత్రం, ఎత్తు, ఉద్యోగం, ఏం కోరుతున్నారు. ఒక్కో మనిషికి ఒక్కో వరస. ఇప్పటికి పదకొండు వందల నలభై ఆరు వరసలు. ఇంతవరకూ నాకేం పేచీ లేదు.

పేచీ చివరి గడి దగ్గర. ఆ కోర్సులో అక్షరాలకి రంగులు వెయ్యడం నేర్పిన రోజున ఆవిడ బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. ఎర్రగా, పచ్చగా రాయొచ్చంటే తెల్లగానూ రాయొచ్చు కదా! తెల్లటి కాగితం మీద తెల్లటి అక్షరం ఎవరికి కనపడుతుంది? ఆ రోజునుంచి ప్రతి వరసకీ చివర, తను వాకబు చేసి తెలుసుకున్న అసలు సంగతిని తెల్ల అక్షరాల్లో రాసి దాచడం మొదలుపెట్టారు. "పిల్లకి చిన్నప్పటినుంచీ ఫిట్సు. తల్లి చెప్పదు." "అబ్బాయి ఉద్యోగం పోయి ఏడాది. టిఫిన్ బాక్సు పట్టుకుని పార్కుకి వెళ్తున్నాడు." "తాగుతాడు. శనివారం మాత్రం ముట్టడు." ఎదురుగా కూర్చున్న తల్లిదండ్రులకి నా తెర తిప్పి చూపించి, "అన్నీ ఇందులోనే ఉన్నాయండి, దాపరికం ఏం లేదు" అనేవారు. నిజమే, అన్నీ అందులోనే ఉండేవి. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. ఈవిడ ఆ అబద్ధాలన్నీ నా చేత ఆడించారు.

ఆరువందల పద్నాలుగో వరస ఫణీంద్రది. దాని చివర ఇలా ఉంది: "ముందు ఒక నిశ్చితార్థం చెడింది. కార్లో ఆ పిల్లని కొట్టాడట. పిల్ల తల్లే ఏడుస్తూ చెప్పింది. నిజమే. ఫిబ్రవరి 9." ఫిబ్రవరి పదకొండున అతనికి నిశ్చితార్థమైంది. పెళ్ళికూతురు హిమజ, మాణిక్యాంబ గారి సొంత తమ్ముడి కూతురు. ఫణీంద్రది పెద్ద కుటుంబం, పెళ్ళికి ఎదిగిన పిల్లలు ఇంకా అరడజనుమంది ఉన్నారు. ఈ ఒక్కటి కుదిరితే మిగిలిన సంబంధాలన్నీ మేనత్త చేతిమీదుగానే జరుగుతాయి. ఆ తమ్ముడనే ఆయన అక్కయ్య చెబితే గోడమీది బల్లి చెప్పినట్టే అనుకునే రకం. రెండో మాట అడగలేదు.

ఇది జరిగి రెండేళ్ళు. మూడు నెలల క్రితం హిమజ ఒక బ్యాగుతో ఈ ఇంటికి వచ్చింది. ఎడమ చెవి పైన వాపు ఉంది. కుడి కంటికి తెల్లటి వెలుతురు పడితే చాలు, నీరు కారిపోతోంది. చుట్టుపక్కల వాళ్ళకి ఏదో కోర్సు చదవడానికి వచ్చిందని చెప్పారు. లోపల మాత్రం మేనత్త పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాఠం చెప్పేవారు.

"నేను ఊరికే ఇచ్చేశాననుకున్నావా? ఎంత వాకబు చేశానో ఆ దేవుడికి తెలుసు. వేలెత్తి చూపించినవాడు లేడు. అలాంటి కుర్రాడు ఇలాగయ్యాడంటే ఇంట్లో ఏదో జరగాలి కదే. కాస్త నీ మాటతీరు మార్చుకో."

రోజూ వింటే ఏదైనా నిజమనిపిస్తుంది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ పిల్ల నా ముందు కూర్చుని ఒక కొత్త ఫైలు తెరిచింది. పైన "నా తప్పులు" అని రాసింది. కింద వరసగా రాసుకుంటూ పోయింది. ఎదురు చెప్పాను. కూర చల్లారిపోయింది. ఫోన్ రెండోసారి మోగాక ఎత్తాను. వాళ్ళ చెల్లెలి ముందు నవ్వాను. ఇరవై మూడు రాసి ఆగింది. మనుషుల రాతలు చూసి నవ్వుకోవడం నాకు అలవాటు. దీన్ని చూసి నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. తెల్ల గడిలో ఉన్న ఒక్క మాట ఆ పిల్ల కంటపడితే ఈ ఇరవై మూడూ అక్కర్లేదు. నాకై నేను చూపించలేను. తెల్లగా ఉండమన్న అక్షరాన్ని తెల్లగా ఉంచడమే నాకు వచ్చిన విద్య.

ఆ వచ్చే ఆదివారం ఫణీంద్ర తరఫు పెద్దమనుషులు వచ్చి మాట్లాడి పిల్లని తీసుకువెళ్ళాలని నిర్ణయమైంది. ఆ పిల్ల సరేనంది.

ఇక నా సంగతి. ఏడాదినుంచి నా తెర కింద మూల ఒక ప్రకటన లేస్తోంది. నాలో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడిపోయిందనీ, దాని బాగోగులు ఇక ఎవరూ చూడరనీ, కొత్తది వేసుకోమనీ దాని సారాంశం. భీమశంకరం గారు కళ్ళజోడు పెట్టుకుని దాన్ని రేడియో వార్తలా పైకి చదివేవారు.

"ఏమోయ్, ఇది మనకి దిక్కెవరూ లేరంటోంది. వేయించేద్దామా?"

"ఉన్నదానికేం వచ్చింది? ఊరుకోండి మీరు."

ఆయన పట్టుదల దేశం కోసం కాదు. పేకాట మధ్యలో ఆ ప్రకటన లేచి ముక్కలకి అడ్డం పడుతోంది. ఆవిడ పట్టుదల నా మీద ప్రేమతోనూ కాదు. కొత్తది వెయ్యాలంటే ఎవడో ఒకడు వచ్చి నా లోపలి ఫైళ్ళన్నీ కదపాలి. కదిపేవాడి చెయ్యి ఆ చివరి గడి మీద పడితే?

ఆ భయాన్ని పైకి చెప్పుకోలేరు కాబట్టి ఆవిడ తనకి వచ్చిన పద్ధతిలో పడ్డారు. వాకబు మొదలుపెట్టారు. ఎవరింట్లో కొత్తది వేశారో కనుక్కుని, పసుపు కుంకాలకి పిలిచిన ఇంటికీ వెళ్ళారు, పిలవని ఇంటికీ వెళ్ళారు. వేసి ఎన్నాళ్ళయింది, ముందు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది, ఎవరితోనైనా పేచీ పెట్టుకుందా, అన్నీ అడిగి చిన్న పుస్తకంలో రాసుకొచ్చారు. బీమా ఏజెంటు గారింట్లో వేగం తగ్గిందన్నారు. హైస్కూలు మాస్టారింట్లో మొదటి వారం బాగుంది, తర్వాతే ప్రింటరుతో పడటం లేదన్నారు.

"చూశారా, కొత్తలో అందరూ బుద్ధిమంతులే. అసలు రంగు వారం తర్వాతగానీ బయటపడదు" అన్నారు ఆవిడ మొగుడితో, వంకాయలు తరుగుతూ. పక్కనే హిమజ కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. ఒక యంత్రంలో వేసే సరుకు గురించి పదకొండు నెలలు గడపగడపా తిరిగిన మనిషి, ఆ పిల్ల విషయంలో తెలిసిన సంగతిని రెండు రోజుల్లో మింగేశారు. మీ జాతిలో ఇలాంటివాళ్ళని అనుభవజ్ఞులంటారు.

మధ్యలో ఒకసారి భీమశంకరం గారే ధైర్యం చేసి కంప్యూటర్ షాపు బుజ్జిబాబుని పిలిపించారు. అతను నా రేకు మీద చెయ్యి వేసి వేడి చూసి, నాడి దొరికిన వైద్యుడిలా తల ఊపాడు.

"ఏం పర్లేదండి, పడుద్దండి. డబ్బా షాపుకి పంపించెయ్యండి, సాయంత్రానికి రెడీ చేసి ఇచ్చేత్తాను. డేటా అంతా నేను తీసి పెడతానండి."

"తీసి పెడతావా? ఎక్కడ పెడతావు?" అన్నారు ఆవిడ.

"నా సిస్టంలో వేసుకుంటానండి, మళ్ళీ ఎక్కించేత్తాను."

"ఆయ్, అక్కర్లేదు నాయనా. కాఫీ తాగి వెళ్ళు."

అతనికి కాఫీ కూడా సగం గ్లాసే దొరికింది.

చివరికి ఆవిడని కదిపింది భయం కాదు, వ్యాపారం. కొత్తగా వచ్చే సంబంధాల వివరాలు నాలో తెరుచుకోవడం మానేశాయి. ఫోటో ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా కనిపిస్తుంటే ఒక పెళ్ళికొడుకు తల్లి మొహం చిట్లించి లేచిపోయింది. భీమవరం నుంచి వచ్చిన మంచి సంబంధం అలా ఇంకొకరి చేతిలోకి పోయింది. ఆ రాత్రి ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు.

"నేను వేస్తానులే అత్తా, ఇంట్లోనే. బయటివాళ్ళెందుకు?" అంది హిమజ. ఆ పిల్ల పెళ్ళికి ముందు ఏలూరులో ఇదే పని చేసేది, పెళ్ళయ్యాక మానిపించారు.

మాణిక్యాంబ గారు ఒక పూటంతా ఆలోచించారు. మన పిల్లే, ఇల్లు దాటదు, తెల్లవి ఎలాగూ కనపడవు. అయినా అనుమానం తీరక, తలుపు దగ్గరకి వేసి ఫైలు తెరిచి ఆరువందల పద్నాలుగు దాకా జరిపి చూసుకున్నారు. తెల్లగా ఉంది. ఆ ఒక్క గడి చెరిపేస్తే అయిపోను. వేలు మీటమీద పెట్టారు కూడా. పెట్టి తీసేశారు. శుభం జరిగిన వరసలో ఏదీ చెరపకూడదని ఆవిడ నియమం. చెరిపితే ముడి విప్పినట్టట. ముప్పై ఏళ్ళుగా నోటు పుస్తకంలో కూడా పెళ్ళైన పేరు మీద కొట్టివేత పడనివ్వలేదు. కొట్టించుకునే పిల్ల ఇంట్లోనే ఉంది, మాట కొట్టేస్తే అపశకునమట! దానికి తోడు, తనకి అన్నీ ముందే తెలుసన్న సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండటం ఆవిడకి ఇష్టం.

బుధవారం, రాహుకాలం దాటాక ముహూర్తం పెట్టారు. నా మీట చుట్టూ పసుపు రాసి బొట్టు పెట్టారు. అగరువత్తి పొగ ఫ్యాను పీల్చుకుని దగ్గింది. భీమశంకరం గారు చిన్న బెల్లం ముక్క తెచ్చి నా ముందు పెట్టారు, కాసేపటికి ఆయనే తినేశారు. హిమజ ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి, షరతులకి ఒప్పుకుంటున్నామన్న చోట నొక్కింది. ఆ షరతులు ఇంట్లో ఎవరూ చదవలేదు, చదవరని రాసినవాళ్ళకీ తెలుసు.

మూడు గంటలు పట్టింది. నేను నాలుగుసార్లు ఆరిపోయి వెలిగాను. మాణిక్యాంబ గారు ముందుగది గుమ్మంలో చేట పట్టుకుని బియ్యం ఏరుతూ కూర్చున్నారు. ఏరినవాటినే రెండోసారి ఏరారు. అయిదు దాటాక నేను నిలకడగా వెలిగాను.

కొత్త తెర కళ్ళు చెదిరేంత తెల్లగా ఉంది. హిమజ కుడి కన్ను వెంటనే కారడం మొదలుపెట్టింది. చున్నీతో ఒత్తుకుంటూ, నా అమరికల్లోకి వెళ్ళి వెనకభాగం అంతా నల్లగా ఉండేట్టు మార్చుకుంది. తర్వాత ఫైళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని మేనత్త పెద్ద ఫైలునే ముందుగా తెరిచింది.

కాగితం నల్లబడింది. మామూలు అక్షరాలు కనపడాలి కాబట్టి వాటంతట అవే తెల్లగా మారాయి. తెల్లగా ఉండమని ఆవిడ ఆజ్ఞాపించిన అక్షరాలు తెల్లగానే ఉన్నాయి. నేను ఆజ్ఞ తప్పలేదు. తొమ్మిదేళ్ళనుంచి ఎవరూ చూడని చివరి గడులు పదకొండు వందల నలభై ఆరూ పైనుంచి కిందిదాకా పట్టపగలులా కనిపించాయి.

ఆ పిల్ల మొదట అర్థంకాక ముందుకు వంగింది. పార్కుకి వెళ్ళే టిఫిన్ బాక్సు దగ్గర నవ్వు వచ్చినట్టుంది. ఇంకా కిందికి జరిపింది. తర్వాత జరపడం మానేసి, పేరు వెతికే చోట "ఫణీంద్ర" అని కొట్టింది.

చదివింది. తారీఖు మీద వేలు పెట్టింది. కారుతున్న కంటిని తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"అత్తా, ఒకసారి ఇలా రా."

మాణిక్యాంబ గారు చేట పక్కన పెట్టి వచ్చారు. కళ్ళజోడు లేకపోయినా తన రాత తను పోల్చుకున్నారు.

"అదేంటి, అవి కనపడకూడదే!" అన్నారు.

నేను విన్న మానవ వాక్యాలన్నిటిలో అంత నిజాయితీగా ఉన్నది అదొక్కటే. అన్నాక ఆవిడకి తను ఏమన్నారో అర్థమైంది. ఆ తర్వాత వచ్చినవన్నీ మామూలువే. ఎవరో గిట్టనివాళ్ళు చెప్పిన మాటనుకున్నారట. పెళ్ళైతే సర్దుకుంటాడనుకున్నారట. మగాడన్నాక ఒక దెబ్బ వేశాడని బంగారంలాంటి సంబంధం వదులుకుంటామా అనుకున్నారట. తమ్ముడికి మంచి చెయ్యాలనే తాపత్రయమట. భీమశంకరం గారు గుమ్మం దాకా వచ్చి, విషయం పేకాట కాదని గ్రహించి, వీధిలోకి వెళ్ళిపోయారు.

"నిజమే అని నువ్వే రాశావు కదత్తా" అంది హిమజ. గొంతు పెంచలేదు. "ఈ మూడు నెలలూ నా మాటతీరే బాలేదన్నావు. నేను నమ్మాను."

ఆ ఒక్క వరసనీ ఎంచుకుని, అక్షరాలకి నల్లరంగు వేసి ప్రింటరుకి పంపింది. ప్రింటరు నాతో పేచీ పెట్టుకోలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకుంది.

"ఆదివారం వాళ్ళని రమ్మను. నాన్ననీ రమ్మను. అందరి ముందూ ఇది చదువుతాను. చదివాక ఎవరు నన్ను వెళ్ళమంటారో చూస్తాను."

"నలుగురిలో నా మొహం ఏం కావాలే? ఈ ముప్పై ఏళ్ళ పని ఏం కావాలి?" మాణిక్యాంబ గారు నా తెరకి చీర కొంగు అడ్డం పట్టారు. పలచటి కొంగు. అక్షరాలు అందులోంచి కూడా కనిపిస్తున్నాయి. "ఇదంతా ఈ మాయదారిది వెయ్యబట్టే వచ్చింది. పాతది మళ్ళీ వెయ్యలేవా, అమ్మా?"

ఆ మాటకి నాకే సిగ్గేసింది. హిమజ మాత్రం కొంగు పక్కకి తప్పించి నిజంగానే వెతికి చూసింది. కొత్తది నచ్చనివాళ్ళు పది రోజుల్లోపు వెనక్కి వెళ్ళిపోవచ్చని ఒక మూల రాసి ఉంది. దాన్ని పైకి చదివింది.

"దీనికి పది రోజులు గడువిచ్చారత్తా. నాకు నాలుగో రోజుకే తెలిసిపోయింది. ఆ రోజు ముందుగా నీకే ఫోన్ చేశాను. చెయ్యి చేసుకున్నాడత్తా, వచ్చెయ్యనా అని అడిగాను. కొత్తలో అలాగే ఉంటుంది, ఎవరికీ చెప్పకు అన్నావు."

హిమజ కాగితం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆ ఫోను సంగతి కోసం మొదటి వరసనుంచి చివరి వరసదాకా వెతికాను. అందరి గుట్టూ తారీఖులతో సహా రాసుకున్న ఆవిడ, అది మాత్రం తెల్ల అక్షరాల్లో కూడా ఎక్కడా రాసుకోలేదు.